చిప్ కూర్చునే పీట

(తొమ్మిదో భాగం)

మొన్న శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. మా కనకాలపేటలో ముసురంటే ఒక్క వానే కాదు. గోదారి గాలి, దాని వెనకే సముద్రపు గాలి ఇంట్లోకొచ్చి తిష్ఠ వేస్తాయి. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పుజాడీలో నీరూరుతుంది, గొళ్లేలు తుప్పెక్కుతాయి. ఎనిమిదో రోజు పొద్దున నా పాత కంప్యూటరు లేవనని మొండికేసింది. ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మీద మాత్రం చీకటి. స్కూటరు మీద ముందు పెట్టుకుని యానాం బజారులో ఒక రిపేరు కుర్రాడి దగ్గరకి తీసుకెళ్లాను. అతను మూత విప్పాడు, ఫ్యాను ఊడదీశాడు, పక్కనున్న సన్నటి కడ్డీని పైకెత్తాడు, చిప్‌ని రెండు వేళ్లతో తీసి అడుగుభాగం చూసి, తుడిచి, మళ్లీ అక్కడే ఉంచి కడ్డీ నొక్కాడు. మెమరీ పట్టీలకీ అదే మర్యాద చేశాడు. స్విచ్ వేస్తే తెర వెలిగింది.

"ఏం మార్చావు బాబూ?" అన్నాను.

"ఆయ్, ఏం మార్చలేదండి. తీసి మళ్లీ కూర్చోబెట్టానంతే."

గత కొన్ని వారాలుగా మనం చిప్ లోపలి సంగతులే చెప్పుకుంటున్నాం. ఇసక సిలికాన్ ఎలా అయింది, దాని మీద గీతలు ఎలా గీస్తారు, గీత ఎంత సన్నబడితే ఎంత గొప్ప. అంత గొప్ప వస్తువు కూడా సరిగ్గా కూర్చోకపోతే దేనికీ కొరగాదు. అది కూర్చునే చోటుని సాకెట్ అంటారు. నేను పీట అంటాను. యానాం వాణ్ణి కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలని నిషేధించాక, చుట్టూ ఉన్న బ్రిటిషు ఇలాకా జనం పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి నేల మీద పీటలెక్కించేవారు. యానానికి కల్యాణపురం అని పేరు పడింది అందుకే. గర్వపడాల్సిన చరిత్రేం కాదనుకోండి. పీట సంగతి మాత్రం మా ఊరికి కొత్త కాదు.

పీట పని రెండు రకాలు. ఒకటి పట్టుకోవడం, రెండోది తాకడం. పాతకాలపు తలుపుకి బందులుండవు, కుసి ఉంటుంది. ఆ కుసి గడపలో తొలిచిన గుంటలో కూర్చుని తిరుగుతుంది. అక్కడ పట్టు కొంచెం వదులుగా ఉన్నా ఫరవాలేదు, కిర్రుమంటుంది గానీ తలుపు ఊడదు. చిప్ సాకెట్‌కి అలా కుదరదు. అందులో కరెంటు పారాలి. వెంట్రుకవాసి సందు వచ్చినా లెక్క తప్పుతుంది. పోనీ గట్టిగా బిగిద్దామంటే పెట్టేటప్పుడే కాళ్లు విరుగుతాయి. ఈ రెంటి మధ్య సందులోనే సాకెట్ చరిత్ర అంతా నడిచింది.

మొదటి పీటలు రేడియో వాల్వులవి. వాల్వు అంటే గాజు బుడ్డి, దీపంలాగే మాడిపోతుంది. మాడినప్పుడల్లా తీసి ఇంకోటి పెట్టాలి కాబట్టి దాన్ని టంకం వేసి అతికించడం తెలివితక్కువ. 1935లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ ఎనిమిది కాళ్ల వాల్వు పీటని బజారులోకి తెచ్చింది. దాన్ని ఆక్టల్ అన్నారు. కాళ్ల మధ్య ఒక బోడిపె, దాని పక్కన చిన్న గట్టు. ఆ గట్టు గాడిలో పడితేనే వాల్వు దిగుతుంది, తప్పుగా తిప్పి పెట్టడం ఎవరివల్లా కాదు. ఇవాళ మీ ప్రాసెసర్ మూలన కనిపించే చిన్న బంగారు త్రికోణం, అంచున ఉండే నొక్కులు ఆ గట్టు మునిమనవలే.

వాల్వు పోయి ట్రాన్సిస్టర్ వచ్చాక పీటతో పని తగ్గింది, ట్రాన్సిస్టర్ అంత తొందరగా చావదు గనక. మా గోదావరి మనిషే, మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థని నిలబెట్టారు. 1969లో అక్కణ్నుంచి వచ్చిన టీడీసీ-12 ట్రాన్సిస్టర్ల తరం యంత్రం, దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. ఆ తరం యంత్రాల్లో చిప్‌కి పీట ఉండేది కాదు, చిప్పే లేదు. అట్టకి అట్ట, సర్క్యూటుకి సర్క్యూటు బీరువాలో పుస్తకాల్లా దోపేవారు. పీట మళ్లీ అవసరమైంది యంత్రాల్లోకి చిప్ వచ్చాకే.

1964లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ చిప్‌కి జెర్రి రూపం ఇచ్చింది. నల్లటి ఒళ్లు, రెండు వైపులా వరసగా కాళ్లు, మొదట పద్నాలుగు. కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదో వంతు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కి పదహారు కాళ్లు. 1978 నాటి 8086కి నలభై. ఈ జెర్రికి పీట చేయడం తేలికే. ప్లాస్టిక్ చట్రంలో రెండు వరసల బెజ్జాలు, ప్రతి బెజ్జంలో కాలిని చెరో పక్కనుంచి పట్టే రేకు స్ప్రింగు. బొటనవేలితో నొక్కితే దిగుతుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రాసెసర్ పక్కన ఖాళీ పీట ఒకటి వదిలారు. లెక్కలు వేగంగా చేసే 8087 చిప్ కొనుక్కునే స్తోమత ఎప్పటికైనా వస్తే అందులో కూర్చోబెట్టుకోండి అని. అమ్మేటప్పుడే ఆశ కూడా అమ్మడం అక్కడ మొదలైందంటాను నేను.

వేలితో నొక్కితే దిగేది, వేడి తగిలితే పైకి లేస్తుందని కొన్నాళ్లకి తెలిసింది. యంత్రం వేస్తే చిప్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపితే చల్లారి ముడుచుకుంటుంది. రోజూ ఇలా సాగీ ముడుచుకునీ వెంట్రుకవాసి, వెంట్రుకవాసి చొప్పున జెర్రి తన గుంటలోంచి పైకి పాకుతుంది. రిపేరువాళ్లు మూత తీసి, చిప్పులన్నిటినీ ఒక్కోటిగా వేలితో నొక్కితే చాలా జబ్బులు నయమయ్యేవి. దీనికి పేరుమోసిన ఉదాహరణ 1980లో వచ్చిన ఆపిల్ త్రీ. చప్పుడు చేస్తుందని అందులో ఫ్యాను పెట్టలేదు. పెట్టె లోపల వేడికి చిప్పులు పీటలు దిగి తిరిగాయి. యంత్రాన్ని రెండు మూడు అంగుళాలు ఎత్తి బల్ల మీద వదలండి, సర్దుకుంటుంది అని కొన్నవాళ్లకి సలహా ఇచ్చారు. అది పనిచేసింది కూడా! ట్రాన్సిస్టరు రేడియోని అరచేత్తో చరిచి వార్తలు విన్న మన తాతలకి ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. చివరికి కంపెనీ తొలి విడత యంత్రాలని వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగి తాకడం అంటే ఏమిటో చూడాలి. రెండు లోహపు ముక్కలు ఆనుకున్నాయంటే మొత్తం ఆనుకున్నాయని మనం అనుకుంటాం. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ గుట్టలూ లోయలే. ఈ పక్క శిఖరం, ఆ పక్క శిఖరం కలిసిన నాలుగైదు చోట్లే నిజంగా తాకుతాయి, కరెంటంతా ఆ చుక్కల్లోంచే వెళ్తుంది. గట్టిగా నొక్కితే చుక్కలు పెరుగుతాయి. వాటి మీద తుప్పు పొర కమ్మితే దారి మూసుకుపోతుంది. అందుకే స్ప్రింగు నొక్కడంతో సరిపెట్టదు, నొక్కేటప్పుడు పిసరంత జారుతుంది. ఆ జారుడులో లోహం మీది మకిలి గీసుకుపోతుంది, చింతపండుతో చెంబు తోమినట్టు. కుర్రాడు నా చిప్‌నీ పట్టీలనీ తీసి పెట్టినప్పుడు జరిగిన వైద్యం అదే.

తుప్పు పట్టని లోహం బంగారం. కాబట్టి మంచి సాకెట్లలో రాగి మిశ్రమం స్ప్రింగు మీద నికెల్ పూత, దాని మీద బంగారు పూత వేస్తారు. పూత మందం సాధారణంగా మైక్రానుకి మించదు. పాత కంప్యూటర్లలో బంగారం తీసి బతుకుదామనుకునేవాళ్లు ఈ లెక్క ముందు చూసుకోవాలి. ఖర్చు తగ్గించాలంటే తగరం పూత వేస్తారు, మన ఇత్తడి గిన్నెలకి వేసే కళాయే అది. కళాయి మీద కళాయి ఆనితే ఫరవాలేదు. 1990ల్లో మెమరీ పట్టీకి బంగారం, దాని పీటకి కళాయి ఉన్న యంత్రాలు చాలా వచ్చాయి. వేడికీ చలికీ పిసరంత కదిలినప్పుడల్లా తగరం మీది పొర చిట్లి పొడి అవుతుంది, ఆ పొడి రాలదు, బంగారానికి అంటుకుని గట్టిపడుతుంది. యంత్రం ఏడాది బాగా నడిచి తర్వాత కారణం లేకుండా మతిమరుపు తెచ్చుకుంటుంది. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలన్నది లోహాలకీ వర్తిస్తుంది.

మళ్లీ కథలోకి. కాళ్లు పెరిగాయి. జెర్రి రూపంలో అన్ని కాళ్లు పట్టవు కాబట్టి చిప్ అడుగంతా సూదులు నాటారు. 1985 నాటి 386కి 132, 1989 నాటి 486కి 168. ఒక్కో సూదిని స్ప్రింగులోకి దించడానికి పావుకిలో పైచిలుకు బలం కావాలి. 168 సూదులకి కలిపి ఎంత? వంద పౌండ్లు, అంటే సుమారు 45 కిలోలు. కింద ఉన్నది మేకు కాదు, సన్నటి పొరల సర్క్యూటు అట్ట. దాని మీద దాదాపు రెండు బియ్యం బస్తాల బరువు మోపాలి. అట్ట పెళుసుగా విరిగిన చప్పుడు విన్న ఇంజినీర్లు ఎంతోమంది ఉంటారు. కాస్త సుఖమని తెచ్చిన తక్కువ బలం సాకెట్‌కి కూడా 60 పౌండ్లు కావాల్సి వచ్చేది.

దీనికి విరుగుడు అప్పటికే వేరేచోట ఉంది. ప్రోగ్రామును చిప్‌లోకి రాసే బల్లల మీద, చిప్పుల్ని పరీక్షించే కర్మాగారాల్లో రోజుకి వందలసార్లు చిప్‌ని పెట్టి తీయాలి. అక్కడ వాడే పీటకి పక్కన మీట ఉండేది. మీట ఎత్తితే బెజ్జాలన్నీ వదులు, చిప్ దాని బరువుకే దిగిపోతుంది. మీట దించితే పైపలక ఒక పక్కకి జరిగి సూదులన్నిటినీ ఒక్కసారిగా స్ప్రింగుల వైపు నెడుతుంది. జొప్పించే బలం సున్నా అని దాని పేరులోనే ఉంది, జిఫ్ అని పొట్టిగా పిలుస్తారు. బలం నిజంగా సున్నా కాలేదు. వేలి నుంచి మీటకి మారింది, అంతే. మోకులాగి బరువెత్తే కప్పీలో జరిగేదీ అదే. 486 చిప్ నాటి నుంచి ఈ మీట ఇంటి కంప్యూటర్లలోకి వచ్చింది, ఇంటర్నెట్ సెంటర్లు పుట్టిన రోజులకి మామూలైపోయింది. 321 బెజ్జాల సాకెట్ 7లో ఇంటెల్, ఏఎండీ, సైరిక్స్, ఏ కంపెనీ చిప్ అయినా కూర్చునేది. ఒకే పీట మీద మూడు కులాలు! అలాంటి రోజు మళ్లీ రాలేదు.

పెద్ద యంత్రాల్లో మీట అంతకంటే ముందే వచ్చింది. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే మహా యంత్రంలో, పింగాణీ పలక మీద వందకి పైగా చిప్పుల్ని బోర్లించి, పలక అడుగున 1800 సూదులు నాటారు. ఆ పలకలో 33 పొరలున్నాయి, ప్రతి పొరలోనూ తీగల బాటలు. ఆ మొత్తాన్ని సున్నా బలం పీటలోనే దించేవారు. చేత్తో దించాలంటే ఆంబోతుని తేవాలి. ఆ తర్వాతి తరం పలక కథలో మనవాడు కనిపిస్తాడు. తుమ్మల రావు గారు. ఇంటిపేరు వింటేనే తెలిసిపోతుంది కదా. ఐబీఎంలో పింగాణీ శాస్త్రవేత్తగా ఉన్న ఆయన, ఆనంద కుమార్, పీటర్ మెక్‌మిలన్ అనే ఇద్దరు సహచరులతో కలిసి 1981లో ఒక పేటెంటు సంపాదించారు. మామూలు పింగాణీని కాల్చే వేడికి రాగి కరిగిపోతుంది కాబట్టి లోపలి తీగలకి కరెంటు అంత బాగా పారని లోహాల్ని వాడేవారు. గాజులో స్ఫటికాలు పుట్టించి చేసే ఈ కొత్త రకం పింగాణీ తక్కువ వేడికే గట్టిపడుతుంది, రాగినీ బంగారాన్నీ లోపలే ఉంచుకుని కాలుతుంది. 1990ల మొదట్లో వచ్చిన ఐబీఎం యంత్రాల్లో ఇలాంటి పలక 63 పొరలకి చేరింది. ఆయన 1989లో మరొకరితో కలిసి తెచ్చిన చిప్ ప్యాకేజింగ్ గ్రంథం ఆ రంగంలోవాళ్లకి పెద్దబాలశిక్ష. 1993లో జార్జియా టెక్‌కి వెళ్లి అక్కడ ప్యాకేజింగ్ పరిశోధన కేంద్రాన్ని నిర్మించారు. పింగాణీ పలకలు చేసిన ఊరి మనిషిగా ఈ భాగం రాస్తున్నప్పుడు నాకు ప్రత్యేకమైన ముచ్చట. రీజెన్సీ టైల్సు మా యానాంలోనే కాలేవి. గచ్చు మీద పరిచే పలకా, చిప్ కింద పరిచే పలకా దూరపు చుట్టాలు.

1997లో ఇంటెల్ దారి తప్పింది. పెంటియం టూని ఒక డొక్కు క్యాసెట్టులో పెట్టి, పీటకి బదులు పొడవాటి గాడిలో నిలువుగా దోపమంది. ప్రాసెసర్ పక్కన ఉండే వేగపు మెమరీ వేరే చిప్పుల్లో ఉండటం దీనికి కారణం. రెండేళ్లు తిరక్కుండానే ఆ మెమరీ ప్రాసెసర్ లోపలికే వచ్చేసింది, క్యాసెట్టుతో పని తీరింది, 1999కల్లా మళ్లీ పీటకే తిరిగొచ్చారు.

అసలు తిరుగుబాటు 2004లో జరిగింది. ఇంటెల్ చిప్ అడుగున ఉన్న సూదుల్ని పీకేసి, వాటి స్థానంలో చదునైన బంగారు చుక్కలు వేసింది. సూదులు పీటలోకి వెళ్లాయి, సన్నటి వంపు స్ప్రింగుల రూపంలో, 775. అప్పటిదాకా చిప్ కాళ్లతో నిలబడేది, అప్పట్నుంచి పరుపు మీద పడుకుంటోంది. పైనుంచి ఇనుప చట్రం కప్పి మీటతో అదుముతారు. దీనికి ఇంజినీర్లు చెప్పే కారణాలు సరైనవే. సూదుల కంటే చుక్కల్ని దగ్గర దగ్గరగా వేయొచ్చు, కరెంటు బాగా పారుతుంది. 775లో చుక్కకీ చుక్కకీ మధ్య మిల్లీమీటరు పైన ఉండేది, 2021లో వచ్చిన 1700 చుక్కల సాకెట్‌లో అది 0.8కి దిగింది. వాళ్లు అంత గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. సూది చిప్‌కి ఉన్నన్నాళ్లూ, వంగితే పోయేది ఖరీదైన చిప్. సూది పీటలోకి వెళ్లాక, వంగితే పోయేది మదర్‌బోర్డు. అది చేసేవాడు వేరే. కాళ్లు ఎవరివైతే కాలు విరిగిన నష్టం వాడిది. ఆ బరువు ఇంటెల్ గుమ్మం లోంచి తైవాన్ బోర్డు కంపెనీల గుమ్మంలోకి జరిగింది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనొచ్చు.

ఏఎండీ ఇంటి కంప్యూటర్లలో 2022 దాకా సూదులనే నమ్ముకుంది. 2016 నాటి ఏఎం4 పీటలో కూర్చునే చిప్‌కి 1331 సూదులు. ఆ పీటలో పక్కనుంచి పట్టే పట్టు ఉందే గానీ పైనుంచి అదిమే చట్రం లేదు. దాంతో ఫ్యాను ఊడదీసేటప్పుడు, మధ్యలో రాసిన వేడి లేపనం గట్టిపడి ఉంటే, మీట వేసి ఉండగానే చిప్ ఫ్యానుతోపాటు ఊడివచ్చేది. పీటల మీద ఉన్న పెళ్లికొడుకుని జుట్టు పట్టుకుని లేపినట్టు. 2022లో 1718 చుక్కల ఏఎం5తో వాళ్లూ పరుపు మీదకే వచ్చారు.

అదిమితే సరిపోతుందా? ఒక్కో స్ప్రింగు అడిగేది కొంచెం బలమే. 1700 స్ప్రింగులు ఒకేసారి అడిగితే మొత్తం పదుల కిలోలవుతుంది. అదివరకు చిప్ చదరంగా ఉండేది, 37.5 మిల్లీమీటర్లు చదరం. 1700తో పొడవు 45కి సాగింది. చట్రం మాత్రం రెండు పొడవు పక్కల నడిమధ్యే నొక్కుతోంది. నులకమంచం మధ్యలో కూర్చుంటే ఏమవుతుందో చిప్‌కీ అదే అయింది, మధ్యలో గుంటపడింది, పైన ఫ్యాను సరిగా ఆనక వేడి పెరిగింది. ఇంటెల్ ఇది హద్దుల్లోనే ఉందంది. ముదురు ఔత్సాహికులు ఊరుకోలేదు, చట్రం తీసేసి అంచులన్నీ సమంగా అదిమే సొంత చట్రాలు బిగించుకున్నారు, వాటిని అమ్మే కంపెనీలూ వెలిశాయి. లక్షల కోట్ల కంపెనీ రూపం ఇచ్చిన పీటని, ఇంట్లో స్క్రూడ్రైవరుతో సరిచేసుకున్న సందర్భం చరిత్రలో తరచూ రాదు.

అన్నిచోట్లా పీట మంచిదేనా అంటే కాదు. మన ఈవీఎంలని ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తయారు చేస్తాయి. వాటిలో వాడేది ఒక్కసారి మాత్రమే రాయగల చిప్. అలాంటి యంత్రంలో చిప్ తీసి పెట్టడానికి వీలుండటమంటే దొంగకి తాళంచెవి ఇవ్వడమే. సెల్‌ఫోన్లలో, కొత్త ల్యాప్‌టాపుల్లో ప్రాసెసర్‌కి పీట లేదు, టంకం గుళ్లతో అట్టకే అతికించేస్తారు. సన్నగా ఉండాలన్నది ఒక కారణం. పాతది పారేసి కొత్తది కొనాలన్నది ఇంకోటి.

అయినా మీ ఫోనులో ఒక పీట మిగిలే ఉంది. సన్నటి పిన్ను గుచ్చితే బయటికొచ్చే సిమ్ అరలో. సిమ్ మీది బంగారు చుక్కలు, లోపల వాటిని తాకే వంపు స్ప్రింగులు, అదే పరుపు, అదే పడక. కార్డులో చిప్ పెట్టే ఆలోచనకి 1974లో పేటెంటు తీసుకున్నది రోలాన్ మొరెనో అనే ఫ్రెంచి మనిషి. ఫ్రెంచివాళ్లు యానాం విడిచి వెళ్లింది 1954లో. ఇరవై ఏళ్లకి వాళ్లు చేసిన చిన్న పనిముట్టు, కాలక్రమంలో మా దరియాలతిప్ప జాలరి జేబులోకి కూడా తిరిగొచ్చింది. ఈసారి ఏ ఒప్పందం మీదా సంతకాలు అక్కర్లేకపోయాయి.

వచ్చే వారం చిప్ నెత్తి మీద వేడి సంగతి. ఈలోగా ఒక మనవి. కొత్త మదర్‌బోర్డు కొన్నప్పుడు సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. చిప్ పెట్టి మీట నొక్కగానే అది టక్కున ఎగిరిపడుతుంది. ఊడ్చి పారేయకండి. ఆ స్ప్రింగులు ఇరవై ముప్పై సార్లు తీసి పెట్టడానికే చేసినవి, వేలు తగిలితే వంగుతాయి, వంగితే మళ్లీ నిలబెట్టడం కంసాలి పని. బోర్డు వారంటీకి పంపేటప్పుడు మూత లేకపోతే చాలా కంపెనీలు తీసుకోవు. నాది ఊరగాయ జాడీ పక్కన డబ్బాలో భద్రంగా ఉంది.